లోకేశ్వరి ఎక్కాల్సిన ఓడ

పంతొమ్మిదేళ్ళలో లోకేశ్వరి తన ఇంట్లో కాకుండా మరోచోట పడుకున్నది ఒక్కటే రాత్రి. అది కూడా చిత్తూరు ఆసుపత్రిలో, తల్లి మంచం పక్కన నేల మీద. తెల్లవారి ఏడింటికి మొగుడు ఫోన్ చేశాడు, నల్లావు చేపడం లేదు రమ్మని. చేపడమంటే ఏమిటో తెలియని పట్నంవాళ్ళ కోసం చెబుతున్నాను. పొదుగులో పాలు ఉంటే చాలదు, ఆవుకు మనసై వాటిని కిందికి వదలాలి. మనసు కాకపోతే పిండేవాడి వేళ్ళు నొప్పి పుట్టాల్సిందే గానీ చుక్క రాలదు. లోకేశ్వరి తల్లికి గంజి తాగించి, పలమనేరు బస్సెక్కి వచ్చేసింది. నల్లావు ఆమె చేతికి చేపింది. తల్లి రెండు రోజుల తర్వాత పోయింది. అప్పుడు లోకేశ్వరి అక్కడ లేదు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఈ ఊళ్ళో పాలకేంద్రం నడిపేది నేనే. పలమనేరుకు ఆరు కిలోమీటర్ల ఊరు మాది. నా పేరు యోగానంద. రోజుకు రెండుసార్లు ఊరంతా క్యాన్లు పట్టుకుని నా ముందుకు వస్తుంది, పాలతో పాటు ఇంటి సంగతులు కూడా పోసి పోతుంది. నాకు నోటిదూల ఎక్కువ. పాలల్లో నీళ్ళు కలిపినవాణ్ణి తిట్టను. "ఏమప్పా, మీ ఆవు బాయిలో పడిందా?" అంటాను. నలుగురూ నవ్వుతారు. వాడు మర్నాటి నుంచి నీళ్ళు కలపడు. తిట్టుకంటే నవ్వు బాగా పని చేస్తుందని చాలా ఏళ్ళు గర్వంగా చెప్పుకుని తిరిగాను.

లోకేశ్వరిది పుంగనూరు పక్క పల్లె. దూరపు చుట్టరికం ఒకటి తవ్వి తీసి నన్ను అన్నా అని పిలిచేది. కాబట్టి ఆమె మొగుడు గోవిందయ్య నాకు బావ. బావను ఆట పట్టించడం బావమరిది హక్కు, ఆ హక్కును నేను ఒక్క పూట కూడా వదులుకోలేదు. గోవిందయ్య మాట తక్కువ మనిషి. బలమైన మీసం, దాని కింద మెత్తటి నోరు. వాళ్ళకు ఒక్కతే కూతురు, లోహిత. ఆ పిల్లకు మూడేళ్ళప్పుడు టమోటా వరసగా రెండేళ్ళు దెబ్బ తింటే మొదటి ఆవును తోలుకొచ్చారు. అప్పటి నుంచి లోకేశ్వరి తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, పేడ ఎత్తడం, పొదుగులు కడగడం, పిండడం, అయిదున్నరకు నా దగ్గర పాలు పోయడం, మళ్ళీ సాయంత్రం అదే పని. ఆవుకు ఆదివారం లేదు, పండగ లేదు. పన్నెండు గంటలకోసారి పిండకపోతే పొదుగు వాస్తుంది. సొంత చెల్లెలి పెళ్ళికి కూడా పొద్దున పాలు పోసి వెళ్ళి, తాళి కట్టడం చూసి, భోజనం చేయకుండానే సాయంత్రం పాలకు తిరిగొచ్చింది.

ఇంట్లో మూడు ఆవులు. రెండు ఎర్రవి, ఎవరు కూర్చున్నా చేపుతాయి. మూడోది నల్లావు. అది పుట్టిన మూడో రోజే తల్లి చచ్చిపోతే, లోకేశ్వరి సీసాతో పాలు పట్టి ఒళ్ళో పెట్టుకుని సాకింది. పెద్దదై పూటకు పది లీటర్లు ఇచ్చింది గానీ ఆమె చేతికే ఇచ్చింది. గోవిందయ్య కూర్చుంటే తన్నేది. సబ్సిడీలో వచ్చిన పిండే మిషను తగిలిస్తే కాళ్ళు ఎగరేసేది. అమ్మేయరాదా అని నేనొకసారి అన్నాను. లోహితను చదివించిందే అదన్నా, ఎట్లా అమ్ముతాను అంది. తల్లి పోయినప్పుడు కూడా ఆమె ఆవును ఒక్క మాట అనలేదు. నాకైతే ఆ ఆవు మీద కోపం ఉండేది.

లోహిత చదువు ముగించి చెన్నైలో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియనుగా చేరింది. పూందమల్లిలో ఇంకో పిల్లతో కలిసి రూము తీసుకుంది. నిరుడు ఎండలు ముదరకముందు ఊరికి వచ్చి, తల్లిని చెన్నైకి తీసుకుపోతానని చెప్పింది. రెండు రోజులు పట్నంలో ఉండడం, మూడో రోజు హార్బరులో ఓడ ఎక్కడం. ఆ ఓడ తీరం వెంబడి విశాఖపట్నం దాకా పోయి, పుదుచ్చేరి మీదుగా మళ్ళీ చెన్నైకి తెస్తుంది. నాలుగు రాత్రులు సముద్రం మీదే. రెండు టికెట్లూ అప్పటికే తీసేసింది. కాగితాలు ప్రింటు తీయాలంటే ఊళ్ళో నా దగ్గరే మిషనుంది కాబట్టి తల్లీకూతుళ్ళు ఒక మధ్యాహ్నం కేంద్రానికి వచ్చారు.

లోహిత ఉత్సాహంగా అన్నీ చెబుతోంది. మొదటి రోజు మెరీనా, మైలాపూరు గుడి, టీ నగర్‌లో చీరలు. రెండో రోజు మెట్రో రైలు, మొసళ్ళ పార్కు. లోకేశ్వరి తల ఊపుతోందే గానీ ఏదీ చెవికెక్కించుకోవడం లేదు. నేను ఇంగ్లీషు కాగితాన్ని తెలుగులో చదివి వినిపించాను. గదిలో రెండు మంచాలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు భోజనం, ఈతకొలను, ఆటపాటలు. ఓడలో రాగిముద్ద దొరకదమ్మా, మూటగట్టుకుని పో అని ఆట పట్టించాను. ఆధార్ కార్డు, వాంతులకు మాత్రలు, చలికి స్వెట్టరు అని ఒక జాబితా రాసిచ్చాను. అంతా అయ్యాక ఆమె ఒక్కటే అడిగింది.

"అన్నా, మధ్యలో దిగల్లంటే దించుతారా?"

"సముద్రంలో యాడ దించుతారమ్మా? విశాఖపట్నంలో దిగొచ్చు. ఆడి నుంచి ఈడికి రావల్లంటే ఒక దినం పడతాది."

"ఫోనో?"

"నడి సముద్రంలో సిగ్నల్ యాడిది."

పాపం భయపడుతోందనుకుని, వేలమంది పోతుంటారు, ఏం కాదు అని ధైర్యం చెప్పబోయాను. ఆమె అడ్డం తగిలింది.

"బయం కాదన్నా. పట్నంలో ఉంటే ఆయప్ప ఫోన్ సేస్తాడు, నేను వచ్చేస్తాను. ఓడయితే ఆయప్ప పిల్సలేడు, నేను రాలేను. ఎవురూ లేపకుండా నిద్రపోవల్ల నాకు. నా అంతకు నేనే లేసేది ఎట్లుంటాదో ఒకసారి సూడల్ల."

లోహిత తల వంచుకుంది. నేను కాగితాలు మడిచి కవరులో పెట్టి లోకేశ్వరి చేతికిచ్చాను. సముద్రం చూడాలని కాదు ఆమె కోరిక. సముద్రమైనా ఇసుక ఎడారైనా ఆమెకు ఒకటే. మొగుడి ఫోను అందని చోట ఒక మంచం కావాలి, అంతే. నలభై రెండేళ్ళ మనిషి కోరింది అదొక్కటే.

ఆ తర్వాత నెల రోజులు ఆమె ఏం చేసిందో నాకు తెలియదు. అంతా అయిపోయాక గోవిందయ్య నోటి నుంచి ముక్కలు ముక్కలుగా విన్నాను. ఆమె రోజూ పాలు పిండేటప్పుడు కట్టుకునే పాత ఆకుపచ్చ చీర ఒకటి ఉండేది. దాన్ని ఉతక్కుండా మొగుడికి కట్టింది. కొంగు తలమీదుగా కప్పింది. చేతులకు తన గాజులు వేసింది. నోరు తెరవద్దని చెప్పింది, ఎందుకంటే ఆవుకు అతని గొంతు తెలుసు. తాను ఎట్లా నాలుక మీద టక్కుమనిపిస్తుందో, పొదుగు మీద తడి గుడ్డ ఎన్నిసార్లు అద్దుతుందో, ఏ చన్ను ముందు పట్టుకుంటుందో అన్నీ నేర్పింది. మొదటి మూడు రోజులు ఆవు తల పక్కనే నిలబడింది. తర్వాత గోడ వెనక నిలబడింది. తర్వాత పక్కింటికి పోయింది. చివరి వారం బస్టాపు దాకా నడిచి వెళ్ళి, అక్కడ అరగంట కూర్చుని తిరిగొచ్చేది. ఆమె బస్టాపులో ఉన్న పూట కూడా నల్లావు చేపింది. ఆ రోజు ఆమె మొగుడికి పాయసం చేసి పెట్టిందట.

గోవిందయ్య దీనికి ఒకే ఒక్క షరతు పెట్టాడు. ఊళ్ళో ఎవరికీ తెలియకూడదు. అందుకే పాకకు గోనెపట్టాల తడిక కట్టారు. ఇంత జాగ్రత్తగా ఒక ప్రయాణానికి ఏర్పాట్లు చేసుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. టికెట్లు కొనడం ఒక్క పూట పని. తాను లేకుండా ఇల్లు నడిచేలా చేయడానికి ఆమెకు నెల పట్టింది.

బుధవారం సాయంత్రం పాలు పోశాక ఆమె ఆగింది. నేను లేని దినాల్లో ఆయప్పే పాలు తెస్తాడు, ఆలస్యమైతే ఏమనుకోవద్దు అంది. కాసేపుండి, "మా ఇంటి తట్టు రావద్దన్నా. నువ్వనే కాదు, ఎవుర్నీ పంపొద్దు," అంది. ఎందుకని అడిగితే ఖాళీ క్యాను కడగడం మొదలుపెట్టింది. పంతొమ్మిదేళ్ళు అన్నా అని పిలిచిన మనిషి ఇంటికి రావద్దంటుందా అని నాకు చురుక్కుమంది. సరేలే అన్నాను. మర్నాడు పొద్దున ఆమె మూడు ఆవులూ పిండి, పాలు పోసి, కొత్త చెప్పులేసుకుని ఏడు గంటల బస్సెక్కింది.

గురువారం సాయంత్రం గోవిందయ్య క్యాను అరగంట ఆలస్యంగా వచ్చింది గానీ నిండుగా వచ్చింది. నల్లావు పాలు కూడా అందులో ఉన్నాయి. ఎట్లా పిండినావు బావా అంటే మీసం కింద నవ్వి వెళ్ళిపోయాడు. నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. శుక్రవారం పొద్దున ఆరుంపావు దాటినా అతను రాలేదు. పాలు తీసుకుపోయే వ్యాను వచ్చే వేళయిందని నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు, పాల కోసం వచ్చానని చెప్పొచ్చులే అనుకుంటూ వాళ్ళింటికి పోయాను. తడిక సందులోంచి చూశాను.

బావ ఆకుపచ్చ చీరలో ఉన్నాడు. తలమీద కొంగు, కొంగు కింద మీసం, ముంజేతులకు బిగుసుకున్న గాజులు. కళ్ళు మూసుకుని పిండుతున్నాడు. బకెట్లో పాలు ధార కడుతున్నాయి. నల్లావు నెమరేస్తోంది. ఎంత ముచ్చటైన దృశ్యమో అది! పెళ్ళాం నాలుగు రాత్రులు నిద్రపోవాలని ఒక మగవాడు చీర కట్టుకుని ఆవు కింద కూర్చున్నాడు. నాకు మాత్రం అందులో నవ్వు ఒక్కటే కనిపించింది. జేబులోంచి ఫోను తీసి ఫోటో కొట్టాను. చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చాను. కేంద్రానికి పాలు పోసేవాళ్ళ గ్రూపు ఒకటి నేనే నడుపుతాను, నూటనలభై మంది ఉన్నారు. అందులో పెట్టి కింద రాశాను: "మన కేంద్రానికి కొత్త పాలామె వచ్చింది."

ఆ రోజంతా నా ఫోను ఒకటే మోత. ఇంతగా నవ్వించినందుకు నా వీపు నేనే తట్టుకున్నాను. మధ్యాహ్నానికల్లా ఆ ఫోటో పలమనేరు టమోటా మండీకి చేరింది. గోవిందయ్య అక్కడ కాయలు దించుతున్నాడు. ఎవరో "ఏమ్మా, బరువు మోస్తాండావే, వద్దులేమ్మా," అన్నారట. మండీ అంతా ఘొల్లుమందట. అతను కాయలు అక్కడే వదిలేసి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రం రెండు ఎర్రావుల పాలు మాత్రమే తెచ్చి పోశాడు. చీర ఉతికేసినావా బావా అని నేను అన్నాను. అప్పుడు కూడా అన్నాను, చూడండి నా బుద్ధి. అతను తల ఎత్తి నన్ను చూశాడు, ఖాళీ క్యాను తీసుకుని వెళ్ళిపోయాడు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అనలేదు పెద్దలు.

శనివారం పొద్దున కూడా నల్లావు పాలు లేవు. పదింటికి గోవిందయ్య కేంద్రానికి కుంటుకుంటూ వచ్చాడు. మోకాలు వాచి ఉంది, ఆవు తన్నింది. శుక్రవారం పొద్దున తర్వాత దాన్ని పిండలేదు. పొదుగు గట్టిపడింది, అది నిలబడలేకపోతోంది, పడుకోలేకపోతోంది. ఇంకొక్కసారి చీర కట్టుకో బావా, నేను వాకిట్లో కాపలా ఉంటాను అన్నాను.

"కాల్చేసినా," అన్నాడు. "నువ్వు ఫోన్ సెయ్. నాది ఎత్తదు. ఓడెక్కేదాకా నీ ఫోన్ ఎత్తనని సెప్పి పోయింది."

ఆమె చీరలు ఇంట్లో ఇంకా ఉన్నాయి. గోవిందయ్య ఇంక చచ్చినా కట్టడు. నేను కట్టుకుని కూర్చుంటే? ఆ ఆలోచన నాకు వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. నాకూ పాలు పిండడం వచ్చు. కానీ ఎవడో ఒకడు తడిక సందులోంచి ఫోటో తీస్తాడని భయమేసింది. ఆలోచనను అక్కడే తొక్కేశాను. పశువులకు వైద్యం చేసే సునీల్‌కుమార్‌కు ఫోన్ చేశాను. గంగవరంలో ఉన్నానన్నా, పన్నెండులోపల వస్తానన్నాడు. రెండు గంటలు ఓపిక పట్టి ఉంటే సరిపోయేది. గోవిందయ్య మాత్రం నా ఎదురుగా బెంచీ మీద కూర్చుని కదలడం లేదు. అతని మొహం చూడలేక, అతను లేచి వెళ్ళిపోతే చాలనుకుని లోకేశ్వరికి ఫోన్ చేశాను.

ఒక్క మోతకే ఎత్తింది. పాలు తక్కువొచ్చినాయా అన్నా అని అడిగింది. ఆవు చేపడం లేదని చెబితే ఎందుకు చేపడం లేదంటుంది. ఎందుకో చెప్పాలంటే ఫోటో సంగతి చెప్పాలి. దాన్ని దాచడానికి అంతకంటే పెద్దది ఒకటి చెప్పాను.

"నల్లావు పొదుగు రాయైపోయిందమ్మా. దక్కదంటాండాడు డాక్టరు."

ఏ డాక్టరూ అనలేదు. ఏ డాక్టరూ ఇంకా చూడనే లేదు. 

"నువ్వు సూసినావా అన్నా?"

"సూసినా."

"అట్లయితే వస్తా."

పదకొండున్నరకు లోహిత నుంచి మెసేజి వచ్చింది. అమ్మ ఇప్పుడే పూందమల్లిలో బస్సెక్కింది మామా, ఓడలోకి నాలుగింటి దాకా ఎక్కనిస్తారు, ఆవు బాగైతే వెంటనే అమ్మకు చెప్పండి, మధ్యలో దిగి వెనక్కి వస్తుంది, నేను బ్యాగులతో ఇక్కడే ఉంటాను అని.

సునీల్‌కుమార్ పన్నెండుకు పది నిమిషాల ముందే వచ్చాడు. పొదుగు తడిమి, వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టి, సూది వేశాడు. నాలుగు నిమిషాల్లో పాలు దిగాయి. వాటంతటవే నేలమీద ధారలుగా కారాయి. వాపు లేదు, జ్వరం లేదు. నిన్ననే పిలిచుంటే నిన్ననే దించేవాణ్ణి గదన్నా అని అతను నవ్వాడు. నల్లావు గడ్డివైపు మొహం తిప్పి తినడం మొదలుపెట్టింది. గోవిందయ్య గడ్డి వేసే గాటి మీద కూర్చుని చేతుల్లో మొహం దాచుకున్నాడు. కాసేపటికి తల ఎత్తి, లోకేశ్వరికి చెప్పు అన్నాడు నాతో. చెప్తా అన్నాను.

బయటికి వచ్చి ఫోను తీశాను. పన్నెండు దాటి మూడు నిమిషాలు. ఒక్క మాట చెబితే ఆమె ఏదో ఒక స్టాపులో దిగి, రోడ్డు దాటి, ఎదురు బస్సెక్కి మూడింటికల్లా హార్బరు చేరుకునేది. ఆ ఒక్క మాటా చెప్పాలంటే దక్కదన్న ఆవు గంటన్నరలో ఎట్లా లేచి గడ్డి తింటోందో చెప్పాలి. ఏ డాక్టరు అన్నాడని అడుగుతుంది. మళ్ళీ గట్టిపడితే ఎట్లా, ఇంకో అరగంట చూద్దాం అని నాకు నేను చెప్పుకున్నాను. అరగంట అయ్యాక ఇంకో అరగంట అనుకున్నాను. ఒంటి గంట దాటాక, ఇప్పుడు చెప్పినా ఆమె అందుకోలేదులే అని ఫోను జేబులో పెట్టుకున్నాను. అప్పుడు నాకు మనసు తేలికపడింది. ఈ కథలో నన్ను నేను క్షమించుకోలేని క్షణం అదే. ఫోటో కాదు, అబద్ధం కాదు. ఆ తేలికపడడం.

ఆమె సాయంత్రం అయిదుకు ఆటో దిగింది. స్వెట్టరున్న సంచీ భుజానికి ఉంది. కొత్త చెప్పులు వాకిట్లో విడిచి నేరుగా పాకలోకి వచ్చింది. ఆవు ఆమెను చూసి మెడ చాచింది. ఆమె దాని పొదుగు మీద చెయ్యి వేసింది, నాలుగు చన్నులూ తడిమింది. రెండోసారి చూసిపోదామని వచ్చిన సునీల్‌కుమార్ అక్కడే ఉన్నాడు. పాపం అతనికి ఏ సంగతీ తెలియదు. "బయపడొద్దక్కా, దానికేం కాలేదు. పన్నెండు కొట్టకముందే పాలు దిగిపోయినాయి. యోగానందన్న కూడా ఈడే ఉండె గదా," అన్నాడు.

ఆమె చేతులు కడుక్కొచ్చి, కుదురుగా కూర్చుని, నాలుక మీద టక్కుమనిపించింది. నల్లావు చేపింది. సగం బకెట్టు నిండింది. తర్వాత నా వైపు తిరగకుండానే అడిగింది.

"పన్నెండుకా అన్నా?"

"అవునమ్మా."

"పన్నెండుకు నేను శ్రీపెరంబుదూరు కూడా దాటలేదు."

తిడుతుందేమోనని నిలబడ్డాను. తిట్టి ఉంటే బాగుండేది. గోవిందయ్య ఫోటో సంగతీ చీర సంగతీ చెప్పేశాడు. చీర కాల్చినందుకు అతన్ని అనలేదు. ఫోటో తీసినందుకు నన్ను అనలేదు. ఆవు కింద నుంచి లేచి, ఎర్రావుల దగ్గరకు బకెట్టు జరుపుకుంది.

ఆదివారం పొద్దున లోహిత ఫోన్ చేసింది. ఏడవడం లేదు గానీ గొంతు మారిపోయి ఉంది. అమ్మ నా రూములో రెండు రాత్రులూ కన్ను మూయలేదు, ఫోను చేతిలో పట్టుకుని గోడకానుకుని కూర్చుంది, పడుకోమంటే ఓడెక్కినాక పడుకుంటాలే అని నవ్వింది అని చెప్పింది. ఆ టికెట్లు తిరిగి తీసుకోరట, తారీఖు మార్చరట. ఇంకోసారి పంపుదాంలే పాపా అన్నాను. అమ్మ రాదు అంది. ఇంకెప్పుడూ నన్ను మామా అని పిలవలేదు.

ఆ రోజు పొద్దున అయిదున్నరకు లోకేశ్వరి క్యాను రాలేదు. ప్రయాణం బడలికతో పడుకుందేమో, పోనీలే, ఒక్క రోజైనా పడుకుందని సంతోషపడ్డాను కూడా. సోమవారమూ రాలేదు. మంగళవారం ఆరా తీస్తే తెలిసింది. మదనపల్లె రోడ్డు మీద, మా ఊరికి ఒకటిన్నర కిలోమీటరు దూరంలో, వేరే డెయిరీ వాళ్ళ వ్యాను ఆగుతుంది. ఆమె ఆదివారం పొద్దున పాల నుంచే అక్కడ పోస్తోంది. ఆ వ్యాను పొద్దున అయిదింటికే వచ్చి పోతుంది, ఎవరి కోసమూ ఆగదు.

వారం తర్వాత సిగ్గు విడిచి వాళ్ళింటికి పోయాను. గ్రూపులో ఊరందరి ముందూ బావకు క్షమాపణ రాశాను, చూసినావా అన్నాను. చూసినాను అంది. అంత దూరం ఎందుకమ్మా నడక, నా దగ్గరే పాలు పొయ్యి, నా మీద కోపముంటే మాట్లాడొద్దు అన్నాను.

"కోపం లేదన్నా," అంది పేడ ఎత్తుతూనే. "ఆడ పాలు సూసే మిషను ఏం సూపిస్తే అదే సెప్తారు."

ఆ వ్యాను వేళకు అందాలంటే మూడు ఆవులూ పిండి, క్యాను నెత్తిన పెట్టుకుని నాలుగున్నరకే ఇల్లు కదలాలి. ఇప్పటికి ఏడాది దాటింది. పాపం, మొన్న గోవిందయ్యే దారిలో ఆగి చెప్పాడు, అలారం మార్చుకుందట. నాలుగింటికి లేచే మనిషి ఇప్పుడు మూడింటికి లేస్తోంది.